సారె తేని తమ్ముడు

ఆ రోజుల్లో నా సొంత ఆస్తి అంటూ ఉంటే అది మొండితనమొక్కటే. ఇప్పుడు అందరూ నన్ను నెమ్మదైన మనిషంటారు గానీ, మస్కట్ అవతల ఉన్న అల్ సువైక్‌లో ఖర్జూరం తోట మధ్య ఉన్న విడిది ఇల్లు చూసుకునే పనిలో చేరిన కొత్తలో నా నోటికి జడిసి కాకులు కూడా వాలేవి కావు. సెలవులకు ఆ ఇంటిని అద్దెకు తీసుకునే ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఒకటే: "ఎంత తగ్గిస్తారు?" మా యజమాని (బాబా అనేవాళ్ళం) మెత్తని మనిషి. "మాఫీ ముష్కిల్, ఏం ఫర్వాలేదు, తగ్గించెయ్," అనేవాడు. ఆ లోటు పూడ్చడానికి మాత్రం నాకు సాయమొచ్చే శ్రీలంకామెను ఆ వారం రావద్దనేవాడు. దయ ఆయనది, విరిగే నడుము నాది! అందుకే అద్దెల ఫోన్ నా చేతికొచ్చిన రోజే ఒట్టు పెట్టుకున్నాను, దమ్మిడీ తగ్గించకూడదని. "మేం ఏసీ వేసుకోం, తగ్గించండి," అన్నవాళ్ళకు ఖర్జూరం చెట్టు కింద పడుకుంటే ఇంకా చవకని చెప్పాను.

ఒక ఈద్ సెలవుల్లో మస్కట్ నుంచి గోదావరివైపు భార్యాభర్తలు దిగారు. నేను ఫోన్లో ఇంటికి మాట్లాడటం ఆయన చెవిన పడింది, అంతే.

"అక్కా, మీరు మనోళ్ళేనాండి! ఏ ఊరండి?"

"కడప పక్క."

"మా వదినగారిది ప్రొద్దుటూరేనండి! అంటే మీరు నాకు సొంత అక్కే. తమ్ముడికి కాస్త తగ్గించరేటండి?"

(వదినగారి ఊరి ఆడది అక్క ఎలా అవుతుందో ఆ దేవుడికే తెలియాలి.) నాకు ఒళ్ళు మండింది. ఎందరో అడిగారు గానీ, చుట్టరికం కలిపి అడిగినవాడు ఇతనే మొదలు. చున్నీ నడుముకు బిగించాను.

"ఏమబ్బీ, అక్క ఇంటికొచ్చినోడివి సారె ఏదీ? చీర తెచ్చినావా? పసుపు కుంకుమ తెచ్చినావా? చేతులూపుకుంటా వచ్చి అక్కనే తగ్గించమంటావా?"

ఆయన భార్య కారుకి ఆనుకుని ఒకటే నవ్వు. "బాగా అయింది మీకు! ఇచ్చేయండి," అంది. అద్దె మొత్తం ఇచ్చారు. ఆ వారం శ్రీలంకామె పనికి వచ్చింది, నేను తల ఎగరేసుకుని తిరిగాను.

వెళ్ళే రోజు ఆమె నన్ను లోపలికి పిలిచి బొట్టు పెట్టింది. జాకెట్టు గుడ్డ, పసుపు కొమ్ము, కుంకుమ పొట్లం నా చేతిలో ఉంచింది. బజారుకెళ్ళి వెతికి తెచ్చారట. "మీ తమ్ముడు సిగ్గుపడి కార్లో కూర్చున్నారండి," అంది. పుట్టింటివాళ్ళు నాకు బొట్టు పెట్టి గుడ్డ పెట్టి ఎన్నేళ్ళయిందో. ఏడుపు తన్నుకొచ్చింది. అది కనబడనిస్తానా? గబగబా వెళ్ళి బుట్టెడు ఖర్జూరాలు తెచ్చి కారులో పడేశాను.

"ఇది తగ్గింపు కాదబ్బీ, కొసరు!"

మరుసటి ఏడు మళ్ళీ ఫోన్. "అక్కా, ఈసారి చీరే తెత్తున్నానండి. ఇప్పుడైనా తగ్గిస్తారా?"

"చీర తెస్తే కట్టుకుంటా. అద్దె అద్దెనే!" అని ఠపీమని పెట్టేశాను. రంగేమిటో అడగలేదే అని రోజంతా నొచ్చుకున్నాను.

ఇప్పుడు అద్దెలన్నీ యాప్‌లోనే తేలిపోతున్నాయి. వచ్చినవాళ్ళు తాళం తీసుకుని లోపలికి పోతారు, నాతో ఎవరికీ బేరం లేదు. ఒక్కోసారి గేటు దగ్గర నిలబడి, ఎవరైనా అక్కా అని పిలిచి తగ్గించమని అడిగితే బాగుండుననుకుంటాను. అడిగినా తగ్గించననుకోండి.