మూలనున్న సిస్టమ్

మద్దిలపాలెం బస్ డిపో పక్క సందులో మా డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు, ఫిషింగ్ హార్బర్ బోటు ఓనర్ల విజిటింగ్ కార్డులు, యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, జెరాక్స్, స్పైరల్ బైండింగ్. తెలుగు టైపింగులో నా వేగం చూడటానికే కొందరు పని లేకపోయినా వచ్చి నిలబడేవాళ్ళు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, గొప్ప కోసమే చెబుతున్నాను. చెప్పుకోవడానికి నాకింకేం మిగిలింది గనక?

షాపులో రెండు కంప్యూటర్లు. గుమ్మానికి ఎదురుగా ఉన్నది నాది. రెండోది మూలన ఉండేది, పాతది. ఒకసారి ఏదో అప్‌డేట్ పడ్డాక, దాన్ని ఆన్ చేసి నేను టీ తాగి వచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. రిపేరు చేసే ఆయన విప్పి చూసి, "దీనికింక లినక్స్ ఒకటే మందు గురూ" అని విండోస్ తీసేసి అదేదో ఎక్కించి వెళ్ళాడు. నేను ఒక్కసారి తెరిచి చూశాను. నా డీటీపీ సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కదు. నా ఫాంట్లు లేవు. మూసేసి, దాని మీద పేపరు కట్టలు పెట్టుకున్నాను.

ఆ కట్టలు దించింది మా ఆవిడ.

ఆవిడ ఎలమంచిలి దగ్గర వ్యవసాయం ఇంటి పిల్ల. పిల్లలు పెద్ద క్లాసులకి వచ్చాక ఇంట్లో ఊసుపోవడం లేదని, జెరాక్స్ మిషన్ చూసుకుంటానని షాపుకి రావడం మొదలుపెట్టింది. ఓ రోజు మూలకి చూపించి, "అది కాళీగానే ఉంది కదండీ, నాను నేర్సుకుంటాను" అంది. నేర్చుకోమన్నాను. నిజంగా నేర్చేసుకుంటుందని నాకేం తెలుసు?

మొదట ఉద్యోగాల అప్లికేషన్ల ఫోటోలు. ఫోటో ఇన్ని కేబీలు దాటకూడదు, సంతకం ఇన్ని దాటకూడదు అని ఒక్కో పరీక్షకీ ఒక్కో లెక్క ఉంటుంది. నేను ఒక్కో ఫోటోనీ పెద్ద సాఫ్ట్‌వేర్లో తెరిచి, తగ్గించి, సేవ్ చేసి, చూసి, మళ్ళీ తగ్గించేవాణ్ణి. ఆవిడ ఆ లినక్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్ దించుకుంది, నచ్చక తీసేసింది. ఇంకోటి దించుకుంది, అదీ తీసేసింది. రైతుబజారులో వంకాయలు ఏరినట్టే ఏరింది. చివరికి ఒక చిన్నది పట్టుకుంది. ఫోటోలన్నీ అందులో పడేస్తే అన్నీ ఒకేసారి తగ్గి వచ్చేవి. తర్వాత పీడీఎఫ్‌లు. పేజీలన్నీ పేకముక్కల్లా తెర మీద పరిచి, కావలసినవి లాగి, తిరగబడ్డవి తిప్పి, కుట్టేసినట్టు కలిపేది. నేను అదే పనికి ఏవేవో వెబ్‌సైట్లలో ప్రకటనలన్నీ మూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

"ఊరికే వచ్చే సరుకు, ఎన్నాళ్ళు పనిచేస్తుందో చూద్దాం" అన్నాను.

"ఊరికే కాదండీ, అందరిదీనంట. పాడైతే ఎవులైనా సూసి బాగు సెయ్యొచ్చంట" అంది, నా వైపు తిరగకుండానే.

ఆ తర్వాత యూనివర్సిటీ పిల్లలు గుమ్మంలో నిలబడి, నా మీదుగా మూలకి చూసి, "మేడం లేరా అండీ?" అనడం మొదలైంది. నేనున్నాను కదా, ఇలా ఇవ్వండి అంటే, "పర్లేదు సార్, వెయిట్ చేస్తాం" అనేవాళ్ళు. వెయిట్ చేస్తారట! నా షాపులో, నా ఎదురుగా, నేను ఖాళీగా కూర్చునుండగా!

దీన్ని కుళ్ళు అంటారని నాకు తెలుసు. పక్క షాపువాడి మీద పడితే ఇంటికెళ్ళి పెళ్ళాంతో చెప్పుకుని చల్లారొచ్చు. పెళ్ళాం మీదే పడితే ఎవరితో చెప్పుకుంటాను? అందుకని ఏదో ఒకటి అనేవాణ్ణి. మౌసు అంత గట్టిగా నొక్కకు అనేవాణ్ణి. ఆ తెర వెలుగు నా కళ్ళలో పడుతోంది అనేవాణ్ణి. ఆవిడ వెలుగు తగ్గించి, మౌసు మెల్లగా నొక్కి, పని మాత్రం ఆపేది కాదు. అది ఇంకా ఒళ్ళు మండించేది.

అయినా ఒక ధైర్యం ఉండేది. ఫోటోలు, పీడీఎఫ్‌లు చిల్లర పని. పెళ్ళి కార్డు నాది. అందులోనూ పాతటౌన్ ముస్లింల పెళ్ళి కార్డులు పూర్తిగా నావి. అక్కడ బట్టల షాపున్న ఒక సాయిబు గారు తన ఇంటి కార్డులన్నీ నా దగ్గరే చేయించేవారు. నా సాఫ్ట్‌వేర్లో ఉర్దూ అక్షరాలు ఒకదానికొకటి అతుక్కోవు, దేనికది విడిగా నిలబడిపోతుంది. అందుకని ఉర్దూ భాగాన్ని పాతటౌన్లో ఒక పెద్దాయన తెల్లకాగితం మీద నల్లసిరాతో రాసిచ్చేవారు. సాయిబు గారు దాన్ని మడత పడకుండా తెచ్చేవారు. నేను స్కాన్ చేసి, మచ్చలు తుడిచి, తెలుగు పైన అతికించేవాణ్ణి. ఆ అతుకు కనపడకుండా చేసేవాడు ఈ సందులో ఇంకొకడు లేడు.

సాయిబు గారి అమ్మాయి పెళ్ళి కుదిరేసరికి రాసే పెద్దాయనకి చూపు మందగించి కలం పక్కన పెట్టేశారు. పాత కార్డులోంచి పైనుండే బిస్మిల్లా ఒక్కటి తీసి పెట్టి, మిగతాదంతా తెలుగులో, ఇంగ్లీషులో చేద్దామన్నాను. సాయిబు గారి మొహం వాడిపోయింది.

మూల నుంచి ఆవిడ, "ఉండండి సాయిబు గారూ, ఒక్కపాలి సూద్దాం" అంది.

పెళ్ళికూతురి చేత ఉర్దూ మాటలు ఫోనులో తెప్పించుకుంది. ఒకదాంట్లో పెడితే అక్షరాలు విడిపోయాయి. నాకు లోపల హాయిగా అనిపించింది. ఇంకోదాంట్లో కలిశాయి గానీ, పాత కార్డుల్లో చేతిరాతకుండే వంపు లేదు. మూడోది ఇంక్‌స్కేప్ అని ఏదో తెరిచి, ఎక్కడి నుంచో ఒక ఫాంటు తెచ్చి పెట్టింది. కుడి నుంచి ఎడమకి ఆ వరస వంపులు తిరుగుతూ దిగింది. సాయిబు గారు కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు. రెండోసారి కూడా చదివారు. "షుక్రియా చెల్లెమ్మా" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ ఈ సంగతి చెప్పలేదేం బావా?" అన్నారు.

ఆయన షాపుకి రావడం మొదలైన దగ్గర్నుంచీ నేను ఆయనకి భాయ్‌ని. ఒక్క పూటలో చెల్లెలి మొగుణ్ణి అయిపోయాను.

ఆయన వెళ్ళాక ఉండబట్టలేక నా పాత కార్డొకటి, నేను చేసినవాటిలో అందమైనది, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఆ సిస్టమ్‌లో తెరిచాను. నా పనీ ఆవిడ చూడనీ అని. తెలుగంతా పోయింది. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు, మధ్యలో ఏవో కొక్కేలు. పెళ్ళికొడుకు పేరున్న చోట రెండు ఆశ్చర్యార్థకాలు.

"ఏటండీ ఇది, బూతులు రాసినట్టుంది!" అని ఆవిడ పగలబడి నవ్వింది.

కారణం నాకు తెలుసు. మా డీటీపీ ఫాంట్లలో లోపలున్నది ఇంగ్లీషే, పైన తెలుగు ముసుగు. ఆ ఫాంటు లేనిచోట ముసుగు ఊడిపోతుంది. తెలిసినా, ఇన్నేళ్ళ నా చేతిపని అలా బూతుల్లా కనిపిస్తుంటే చూడలేకపోయాను. లేచి బయటికి వెళ్ళిపోయాను. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

సాయిబు గారి కార్డు దాదాపు పూర్తయ్యాక ఆవిడ వాళ్ళ అన్నయ్య గృహప్రవేశానికి ఎలమంచిలి వెళ్ళింది. ఆ పొద్దున్నే సాయిబు గారు రొప్పుతూ వచ్చారు. "వలీమా విందు హాలు మారిపోయింది బావా. తెలుగులో ఒక్క లైను మార్చాల. ప్రెస్సుకి మధ్యాన్నం ఇచ్చేయాల. చెల్లెమ్మ ఏదీ?"

లేదన్నాను. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆ నిలబడటంలో నేను లెక్కలోనే లేను.

ఫైలు నా సిస్టమ్‌లో తెరుచుకోదు. ఒట్టు సంగతి ఆ దేవుడే చూసుకుంటాడని మూలకి వెళ్ళి కూర్చున్నాను. పాత హాలు పేరు చెరిపేశాను. ఇందులో తెలుగు కొట్టే పద్ధతి నాకు రాదు. ఏ మీటకి ఏ అక్షరమో నా వేళ్ళకి తెలిసింది నా పాత కీబోర్డు వరస ఒక్కటే. సాయిబు గారు వెనకే ఉన్నారు. బూతులే వస్తాయనుకుంటూ, అలవాటు మీద ఒక మీట నొక్కాను.

నేననుకున్న అక్షరమే పడింది. ఇంకోటి నొక్కాను. ఒత్తుతో సహా సరిగ్గా కూర్చుంది. నా వేళ్ళు ఎక్కడికి వెళ్తే అక్కడ తెలుగు, ముసుగు లేని తెలుగు. లైను పూర్తి చేశాను. వెంటనే ఆవిడకి ఫోన్ చేశాను.

"నా కీబోర్డు ఇందులోకి ఎలా వచ్చింది?"

"అదా? ఎతికితే ఉంది, పెట్టేను. మీరు కోపంగా లెగిసెళ్ళిపోయేరు కదా, ఆ రోజే. ఎప్పుడైనా కూకుంటారేమోనని."

"మరి నాకు చెప్పలేదేం?"

"సెప్తే కూకుంటారేటి?" అంది. వెనకాల మేళం మోగుతోంది. పెట్టేసింది.

కళ్ళు చెమర్చాయి. కుళ్ళు మాత్రం చావలేదు. ఇంకా పెరిగింది. నా వేళ్ళ సంగతి కూడా నాకంటే ముందు ఆవిడకే తెలిసిపోవాలా?

ప్రింటు తీసి సాయిబు గారికి ఇచ్చాను. ఆయన పైనుంచి కిందికి చూసి, "బాగుంది బావా. ఒకసారి చెల్లెమ్మకి వాట్సాప్ పెట్టు. ఆమె ఓకే అంటే ప్రెస్సుకి ఇచ్చేద్దాం" అన్నారు.

పెట్టాను. ఓకే అంది.

ఆవిడ తిరిగొచ్చేసరికి నేను మూల సిస్టమ్ దగ్గరే ఉన్నాను. లెగండి అంది. లేవలేదు. ఇకనుంచి ఇది నాది, నువ్వక్కడ కూర్చో అని గుమ్మానికి ఎదురుగా ఉన్న నా కుర్చీ చూపించాను. వెళ్ళి కూర్చుంది. అంతలో ఓ యూనివర్సిటీ పిల్ల ప్రాజెక్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అలవాటు కొద్దీ మూలకి చూసింది. నేను తల పైకెత్తాను. తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళిపోయింది.