మా గెట్టు మింగిన విమానాల మైదానం

మా ఇంటి మైసమ్మ మీద ఒట్టు, నా ఇద్దరు కొడుకుల నెత్తి మీద ఒట్టు, అదీ చాలదంటే పొద్దున తిన్న జొన్నరొట్టె మీద ఒట్టు: ఇందులో ప్రతి మాటా నిజం. నోరు విప్పితే కోతలు కోస్తానని మా వాడకట్టులో నాకొక పేరుంది. ఆ పేరు పెట్టినవాళ్లలో ఒక్కడూ కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వలో, మా ఊరి మొరం బీడు మీద విమానం దిగడం చూడలేదు. చూడనివాళ్లు నోరు మూసుకుని చదవాలి.

ఇప్పుడక్కడికి పోతే కనిపించేది కప్పు లేని ఒక పొడుగు గది, కిటికీలు లేని ఒక పొట్టి గది, సిమెంటు మూత పెట్టిన ఒక బావి. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఆ గోడలను తడిమి చూసి "మిలిటరీ కట్టడమంటే ఇదీ" అని మురిసిపోతుంటారు. నాకు మాత్రం వాటిని చూస్తే ఉమ్మేయబుద్ధవుతుంది. చాలాసార్లు ఉమ్మేశాను కూడా. ఆ పొడుగు గది మా జొన్నచేను. ఆ పొట్టి గది మా కాక పసుపుచేను. ఆ మూత కింద ఉన్నది మా బావి.

మా తాత పోయాక బాపు, ఆయన తమ్ముడైన మా కాక భూమి పంచుకున్నారు. భూమి రెండు ముక్కలైంది కాని బావి ఒక్కటే కదా, అది సరిగ్గా రెండు చేన్ల నడిమి గెట్టు మీద పడింది. ఒకనాడు మా మోట, ఒకనాడు వాళ్ల మోట. చుట్టుపక్కల బావులన్నీ ఉప్పునీళ్లు, మాది మాత్రం తియ్యటి బావి. బాపు ప్రాణం ఆ బావిలో ఉండేది. కాక ప్రాణమూ అందులోనే ఉండేది. అందుకే ఒకరి నీడ ఒకరికి గిట్టేది కాదు.

మా దిక్కు గెట్టురాయికి కాళ్లుంటాయి. దుక్కుల కాలం వచ్చిందంటే ఎవరి వైపు నుంచి వాళ్లు దాన్ని జానెడు అవతలికి నెడతారు. మాలో అది దొంగతనం కింద లెక్క కాదు, సేద్యం కింద లెక్క. నెట్టనివాడిని చేతకానివాడంటారు. బాపు పొద్దున నెడితే కాక మధ్యాహ్నం నెట్టేవాడు. మా గెట్టురాయి అటూ ఇటూ తిరిగి తిరిగి, అరిగి, గుండ్రంగా తయారై, చివరికి తనంతట తానే దొర్లడం నేర్చుకుంది. నేను చూశాను.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక సర్కారు మనుషులు భూమి కొలిచే గొలుసులు పట్టుకుని వచ్చారు. మా చేన్ల అవతల గడ్డి కూడా మొలవని మొరం బీడు ఉండేది. విమానాలు దిగడానికి అది చాలన్నారు. బీడు అంచున సున్నం పూసిన రాళ్లు వరుసగా పాతి, "ఇటు మీది, అటు మిలిటరీది" అని చెప్పి ఎల్లారెడ్డి దఫ్తరుకు వెళ్లిపోయారు. మాది వీసమెత్తు నేల కూడా పోలేదు. బుద్ధి ఉన్నవాళ్లయితే ఇంటికి పోయి పండుకునేవాళ్లు.

బాపు చాలాసేపు ఆ తెల్లరాళ్లనే చూశాడు. "గెట్టు పక్కపొంటి ఉన్నోడు జరుగకుంట ఉంటడారా? గీ మిలిటరోడు ఏడాదికి జానెడు జరిగినా మన బాయి దాంక వస్తడు."

"మరేం జేద్దాం, బాపు?"

"జరిగేదేదో మీ కాక దిక్కు జరుగనీ. గడ్డపార దే."

అప్పటికి నాకు పెండ్లయింది. ఒంట్లో బలముంది, కాక మీద కసి అంతకు రెండింతలుంది. కాక అన్నానికి పోయిన వేళ చూసి, పట్టపగలే మా చేను ముందున్న రాళ్లన్నీ పీకి ఆయన పసుపుచేను నడుమ పాతాం. మరునాడు మేము ఎడ్లను కడగడానికి వాగుకు పోయి వచ్చేసరికి, కాక తన ముందున్న రాళ్లు పీకి మా జొన్నల్లో పాతాడు. పైగా వాటికి కొత్తగా సున్నం పూశాడు. సొగసు తక్కువేం లేదు ఆ మనిషికి.

వారం తిరక్కముందే ఒక తెల్ల అధికారి మోటారులో దిగాడు. వెంట గిర్దావరు, అంటే భూముల లెక్క చూసే సర్కారు నౌకరు. ఇద్దరూ బీడు మీద రాళ్ల కోసం వెతికి, చేన్లలో తెల్లగా కనబడితే వాటి వెంట నడుచుకుంటూ వచ్చి మా బావి దగ్గర తేలారు.

"గీ రాళ్లెవడు జరిపిండు?" గిర్దావరు గద్దించాడు.

తప్పైందని కాళ్లు పట్టుకుంటే ఆ పూటతో పోయేది. రాళ్లు తిరిగి బీడులోకి పోయేవి. బాపు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "రాళ్లు సరిగ్గనే ఉన్నయి, సర్కార్. మా తమ్ముని జమీను గచ్చు లెక్క ఉంటది. దాని మీద కోట గట్టినా కదలది."

పంచుకున్న నాటి నుంచి తమ్ముడి గురించి బాపు నోట వచ్చిన మొదటి మంచిమాట అది. కాక ఊరుకుంటాడా?

"మా అన్న భూమి ముంగట మాదేంది, దొరా! గంత సాఫు భూమి ఈ తాలూకాల లేదు. ఎంత వాన గొట్టినా బురద గాదు. గా బాయి జూడుండ్రి, నీళ్లు సక్కెర!"

బాపు పండ్లు కొరికాడు. "బాయి పేరెందుకు దీస్తివిరా, పాపిష్టోడా!"

"నీ భూమిని పొగిడితే నీకేం నొప్పి?"

గిర్దావరు ఇదంతా దొరకు ఇంగ్లీషులో చెప్పాడు. దొర నీళ్లు తోడించుకుని తాగాడు. ఇంకో చెంబు అడిగాడు. అది కూడా తాగి, మా జొన్నల వైపు, కాక పసుపు వైపు చూసి తల ఊపాడు. సాయంత్రానికి హుకుం వచ్చింది: విమానాలు దిగేది బీడు మీదే, కట్టడాలు మాత్రం బావి పక్కన. రెండు చేన్లూ పోయాయి. బదులుగా మాచారెడ్డి అవతల ఒక రాళ్ల చెలక చూపించారు. అక్కడ నక్క కూడా కాపురం చేయదు.

కట్టడానికి ఇంటికొక మనిషి వెట్టికి రావాలన్నారు. రాళ్ల తట్టలు వరుసలో నిలబడి చేతికి చేతికి అందించాలి. బాపు పక్కన కాక వచ్చాడు. బాపు తట్టను ఆయన చేతికివ్వలేదు, నేల మీద పెట్టాడు. కాక వంగి నేల మీది నుంచి తీసుకున్నాడు. వరుసంతా ఆగిపోయింది.

"ఏందయ్యా మీ కథ?" మేస్త్రీ అరిచాడు. "చేతులు లేవా?"

"ఉన్నయి," అన్నాడు బాపు. "వానికి ఇయ్యనీకి లేవు."

మేస్త్రీ చివరికి నన్ను తెచ్చి ఇద్దరి నడుమ నిలబెట్టాడు. సిపాయిలు పండుకునే పొడుగు గది లేచింది. పెట్రోలు డబ్బాలు దాచే పొట్టి గది లేచింది. రెంటి మీదా రేకులు పడ్డాయి. బావికి మూత పెట్టి నీళ్ల ఇంజను బిగించారు. మొదటి విమానం వచ్చిననాడు ఎంత కిందుగా ఎగిరిందంటే, బాపు రుమాలు లేపుకుపోయి ఎల్లారెడ్డి అంగట్లో పడేసింది. మా బర్రె ఆ చప్పుడుకు దడుసుకుని పాలు బందు పెట్టి, మూడు పూటలు నేరుగా మజ్జిగే ఇచ్చింది. ఉప్పొక్కటే తక్కువ.

కాక ఆ ఇంజను దగ్గర కాపలా పనికి కుదిరాడు. అంటే బావి ఆయన చేతికి పోయినట్టే. బాపు తీగె కంచె దాకా పోయి, నిలబడి చూసి, తిరిగొచ్చేవాడు.

ఆ ఎండాకాలం బాపు జ్వరంతో మంచం పట్టాడు. ఏది పెట్టినా నోటికి పోయేది కాదు. "మన బాయి నీళ్లు గిన్ని దెస్తె తాగుత," అనేవాడు. ఆ మాట ఎవరు మోశారో గాని కాక చెవిన పడింది. ఒకనాడు పొద్దున్నే కాక చెంబు పట్టుకుని మా గడపలో నిలబడ్డాడు. లోపలికొచ్చి బాపు మెడ కింద చెయ్యి పెట్టి లేపి తాగించాడు. "తియ్యగున్నయిరా," అన్నాడు బాపు. "మన బాయే గదనే, అన్న," అన్నాడు కాక. ఇద్దరి కండ్లల్లో నీళ్లు.

మీరు ఇదొక్కటే నమ్మి ఉంటారు. నేను కల్పించింది ఇదొక్కటే. దొర్లే రాయి, రుమాలు, మజ్జిగ, వాటిలో ఒక్క అక్షరం కూడా మార్చను.

కాక రాలేదు. నేనే కంచె దగ్గరికి పోయి అడిగాను.

"మీ బాపు తోలిండా, నువ్వే వచ్చినవా?"

"నేనే వచ్చిన, కాకా."

"గట్లయితే పో. ఆయిననే అడుగుమను. నోటితోని అడిగితే బిందె నింపి నేనే మోసుకొస్త."

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. "వాన్ని అడుగుడు కంటె సచ్చుడు నయం," అని కండ్లు మూసుకున్నాడు.

వాగుకు పోయి ఇసుకలో చెలిమె తోడి, చెంబు నింపుకొచ్చి, కాకే పంపించాడని చెప్పాను. నా బతుకులో అంత శ్రద్ధగా ఆడిన అబద్ధం ఇంకోటి లేదు. బాపు ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. పుక్కిట పట్టి కాసేపు ఉంచుకున్నాడు. మంచం పక్కన ఉమ్మేశాడు.

"గివి గావు," అని గోడ దిక్కు తిరిగి పండుకున్నాడు.