మా అత్తమ్మ గని చూసిన ఆదివారం

మొన్న శనివారం పొద్దున్నే మా వీధిలో ఒక ఆటో మైకు పెట్టుకుని తిరిగింది. మన ఊరి చరిత్ర మనం తెలుసుకుందాం, శని ఆదివారాలు రెండు రోజులూ ఉచిత బస్సు, ఉచిత ప్రదర్శన, పిల్లలకు బొమ్మల పోటీ, పెద్దలకు మధ్యాహ్నం పులిహోర అని. ఉచితం అన్న మాట మూడోసారి వినపడేసరికి నేను చీర మార్చుకుంటున్నాను. మా ఆయన రానన్నాడు. ఉద్యోగమంతా భూమి లోపల చేసి వచ్చిన మనిషి, "నేను జూడని బొగ్గా?" అని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. పులిహోర సంగతి మళ్ళీ ఒకసారి గుర్తుచేస్తే లేచి చెప్పులు వెతుక్కున్నాడు. బస్సు గోదావరిఖని చౌరస్తా దాటిందో లేదో, నీలం టీషర్టు వేసుకున్న కాలేజీ పిల్ల ఒకతె లేచి నిలబడి, "గనులు రాకముందు ఇక్కడ ఏమీ లేదు, అంతా అడవే" అని మొదలుపెట్టింది. ముచ్చటైన పిల్ల, గొంతు కూడా బాగుంది, తప్పు పట్టాలనిపించలేదు. కాని సరిగ్గా అదే మాట నేను యాభై ఏళ్ళ కింద ఇదే ఊళ్ళో, ఇలాంటి పండుగలోనే విన్నాను. అప్పుడు నా పక్కన మా అత్తమ్మ ఉంది. అందుకే ఆ మాట చెవిన పడగానే, ఇప్పుడేం గొడవ అవుతుందో అని గబుక్కున పక్కకు తిరిగి చూశాను. పక్కన మా ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

మా అత్తమ్మది కమాన్‌పూర్ వైపు ఒక చిన్న పల్లె. మనిషి పొడుగు, గొంతు అంతకన్నా పొడుగు. నడుము దగ్గర చీరలో ఎప్పుడూ ఒక చుట్ట, ఒక అగ్గిపెట్టె దోపుకుని ఉండేది. మా మామ జ్వరమొచ్చి తొందరగా పోతే, ఇద్దరు కొడుకులను, మూడెకరాల చెలకను, ఒక మోట బావిని ఆమే చూసుకుంది. బావి కింద కొంచెం వరి, మిగతా అంతా జొన్న, కంది. పెద్ద కొడుకు, అంటే మా ఆయన, వానలు సరిగ్గా పడని ఏడాది ఒకటి చూసి విసిగి గనిలో చేరాడు. నన్ను చేసుకుని రెండు గదుల క్వార్టరుకు తీసుకొచ్చాడు. అత్తమ్మ మాత్రం పల్లె విడవలేదు. చిన్న కొడుకును, అంటే మా మరిదిని, పక్కన పెట్టుకుని సేద్యం చేయించేది. ఆ బావి అంటే ఆమెకు ఎంత ప్రాణమో నేను పెళ్ళైన మూడో రోజే తెలుసుకున్నాను. కొత్త కోడలికి ఇల్లు చూపించక ముందే బావి చూపించింది. ఒడ్డు మీద నిలబెట్టి, చేద వేసి, ఆ నీళ్ళు నా చేత తాగించి, "ఎట్లున్నయి?" అని అడిగింది. బాగున్నాయన్నాను. "బాగుండుడు గాదు పిల్లా, గిసొంటివి సుట్టుముట్టు ఏ ఊర్లె లేవు" అని దిద్దింది. కొంచెం ఇనుము రుచి ఉన్నట్టు నాకనిపించింది. ఆ మాట పైకి అనడానికి నాకేమన్నా పిచ్చా?

అయితే నా పెళ్ళైన రెండో ఎండాకాలం నుంచి ఆ బావిలో నీళ్ళు దిగిపోవడం మొదలైంది. ఏడాదికింత చొప్పున లోపలికి పోయాయి. పూడిక తీశారు, అడుగు తవ్వారు, మోట తాడు పొడిగించారు. ఎద్దులు ఎంతసేపు మోట లాగినా ఒక మడి పారేది కాదు. అత్తమ్మ కారణాల కోసం చాలా దూరం తిరిగింది. పక్క చెలకవాడు కొత్తగా బావి తవ్వించుకున్నాడని కొన్నాళ్ళు, పెద్దోడు ఇల్లు విడిచి పోయాడని భూమికి కోపమొచ్చిందని కొన్నాళ్ళు అనుకుంది. చివరికి తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చి ఆగింది. కొత్త కోడలు అడుగుపెట్టినప్పటి నుంచే నీళ్ళు పోయాయని నేను లేనప్పుడు నలుగురితో అన్నది. నా మొహం మీదే అంటే జవాబు చెప్పేదాన్నేమో. చాటుగా అనడంతో ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది.

అలాంటి రోజుల్లో మా మరిదికి గనిలో పని దొరికింది. సోమవారం పొద్దున చేరాలి, లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. వాడికి చేరాలని ఉంది. వాడి ఈడు వాళ్ళంతా షిఫ్టులకు పోతూ, కొత్త సైకిళ్ళ మీద తిరుగుతుంటే, వాడొక్కడే ఎండిన బావి దగ్గర ఎద్దులను తోలుతున్నాడు. అత్తమ్మ ససేమిరా అంది. శుక్రవారం నాడు కొడుకును వెంటబెట్టుకుని మా క్వార్టరుకు వచ్చి, గడప మీదే కూర్చుని తీర్పు చెప్పింది. "ఒగన్ని ఇచ్చిన. ఇద్దర్నీ ఇచ్చుడు నాతోని గాదు. చెలకకు దిక్కెవ్వలు?" మరిది పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. మా ఆయన అమ్మకు చెప్పలేక, తమ్ముడికి చెప్పలేక నా మీద విసుక్కున్నాడు. నేను గిన్నెల మీద విసుక్కున్నాను.

ఆ శని ఆదివారాలే ఊళ్ళో పండుగ. గనులు తెరిచి పదేళ్ళు దాటాయని, కార్మికుల కుటుంబాలకు ఊరి చరిత్ర చెబుతామని, ఆదివారం లారీల్లో తీసుకుపోయి గని లోపల కూడా చూపిస్తామని డప్పు వేయించారు. పదేళ్ళు నిండీ నిండని ఊరికి చరిత్రేమిటని మా వాడకట్టు ఆడవాళ్ళమంతా నవ్వుకున్నాం. కాని అప్పటిదాకా మాలో ఎవరూ గని లోపల కాలు పెట్టలేదు. మొగవాళ్ళు పొద్దున పోయి, సాయంత్రం కళ్ళ అంచున కాటుక పెట్టుకున్నట్టు బొగ్గుతో తిరిగి రావడమే మాకు తెలుసు. మా ఆయనకు ఆ లారీలో దారి కనిపించింది. "ఫుకట్‌ల సూపిస్తండ్రమ్మా. ఒక్కపారి లోపటికొచ్చి సూడు. అంతకైతె నువ్వు జెప్పినట్టే చేద్దాం" అన్నాడు. అత్తమ్మ చుట్ట పొగ వదిలి చాలాసేపు ఆలోచించింది. "సూస్త. సూసినంక నా మాటే మాట. మల్ల ఎవ్వలు మాట్లాడొద్దు" అంది.

శనివారం ప్రదర్శనకు వెళ్ళాం. పెద్ద డేరా వేసి లోపల ఫొటోలు, పాత పనిముట్లు పెట్టారు. మొట్టమొదట తీసిన బొగ్గుపెళ్ళ అని ఒకదాన్ని అద్దాల పెట్టెలో పెట్టి దండ వేశారు. అత్తమ్మ దాన్ని నాలుగు వైపుల నుంచీ చూసి, "గిది మీ పొయ్యిల ఉన్నదే గదనే" అని నన్నడిగింది. బయట ప్రథమ చికిత్స పోటీలు జరుగుతున్నాయి. తలకు, కాళ్ళకు కట్లు కట్టిన మనుషులను వరసగా పడుకోబెట్టారు. అత్తమ్మ వాళ్ళను చూసి "అయ్యో కొడుకా!" అని ఒకడి దగ్గర కూలబడింది. వాడు కట్టు పక్కకు జరుపుకుని, బీడీ ఏమన్నా ఉందా అవ్వా అని అడిగాడు. ఆ తర్వాత ఒక పెద్దమనిషి మైకు ముందుకొచ్చి, గనులు రాకముందు ఇక్కడ ఏమీ లేదు, అంతా అడవే అన్నాడు. అత్తమ్మ జనం మధ్యలో లేచి నిలబడింది. "అడివేంది సారూ? మా తాత ముత్తాతలు దున్నిన చెలకలు గాదా? మేం తిన్న జొన్నలు అడివిల పండినయా?" ఆయనకు కోపం రాలేదు. నవ్వి, కూర్చో అవ్వా అని, మళ్ళీ అడవి దగ్గర్నుంచే ఎత్తుకున్నాడు. నేను కొంగు పట్టి లాగి కూర్చోబెట్టాను. అప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను కాని, ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఆదివారం మమ్మల్ని లారీ ఎక్కించారు. గని మొగదల దగ్గర కాపలా మనిషి అందరినీ ఆపి బీడీలు, అగ్గిపెట్టెలు తీసుకుంటున్నాడు. లోపల గ్యాసు ఉంటుంది, అగ్గి పనికిరాదు. అత్తమ్మ నడుము నుంచి చుట్ట తీసివ్వడానికి చాలా బతిమాలించుకుంది. "నా సుట్ట నాకే ఇయ్యాలె. ఇంకోనిది అంటగట్టకు" అని వాడికి దాని ఆనవాళ్ళన్నీ చెప్పింది. దీపం తగిలించిన టోపీ ఆమె సిగ మీద నిలబడలేదు. మరిది దారం తెచ్చి గడ్డం కింద కట్టాడు. అలా ఏటవాలుగా దిగే దారిలో, తాడు పట్టుకుని, మెట్టు మెట్టు చూసుకుంటూ దిగాం. కొంతసేపటికి వెనక వెలుతురు పోయింది. మాటలు తగ్గాయి. ముందు చల్లగా అనిపించిన గాలి పోను పోను వెచ్చబడింది. మట్టిదీ కాదు, పొగదీ కాదు, ఏదో వాసన వేస్తోంది. మా ఆయన ఒక చోట ఆగి, నేను పని చేసేది ఇక్కడే అన్నాడు. కర్ర దిమ్మెలు పైకప్పును మోస్తున్నాయి. ఒక పక్కన తట్ట, పార బోర్లించి ఉన్నాయి. ఆ చోటు మా వంటగది కంటే పెద్దగా లేదు. అన్ని రోజులూ అతను ఇంటికొచ్చి ఎందుకు మాట్లాడకుండా కూర్చునేవాడో నాకప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుంటే చేతికి నలుపంటింది.

అత్తమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె కొడుకు తట్టను చూడనైనా లేదు, తల ఎత్తి పైకప్పును చూస్తోంది. మాతో వచ్చిన సర్దారును, అంటే అక్కడి పనివాళ్ళ మీద పెద్దను, పిలిచింది. "నాయినా, మనం గిప్పుడు దేని కిందున్నం?" ఆ మాట ఆ రోజు వచ్చిన వందల మందిలో ఇంకెవరూ అడిగి ఉండరు. సర్దారు తనూ పైకి చూసి, "గిది మీ దిక్కే అవ్వ. కమాన్‌పూర్ దిక్కు చెలకల కిందికొచ్చినమని సర్వే సార్లంటరు. ఎవలి చెలకనో నేను జెప్పలేను" అన్నాడు. అందరం తలలెత్తి పైకప్పును చూశాం. అప్పుడు నీళ్ళ చప్పుడు వినపడింది. పైకప్పు నుంచి చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. పట్టాల పక్కన కాలువలో సన్నగా పారుతున్నాయి. దూరంగా ఎక్కడో పంపు నడుస్తోంది.

"గీ నీళ్ళు ఏడియి?"

"భూమిల ఊరుతయి అవ్వా. రాత్రి పగలు తోడుతనే ఉండాలె. ఆపితె మునుగుతం."

"తోడి ఏం జేస్తరు?"

"పైన వాగుల ఇడుస్తం."

ఆమె రెండడుగులు ముందుకు వేసింది. ఎవరూ వద్దనేలోపే, కారుతున్న చోట దోసిలి పట్టి తాగింది. నోట్లో కాసేపు ఉంచుకుని మింగింది. సర్దారును వదిలేసి, కొడుకులిద్దరినీ వదిలేసి నా వైపు తిరిగింది. "పిల్లా, గివి మన నీళ్ళు" అంది. మా ఆయన నవ్వడానికి ప్రయత్నించి, నీళ్ళ మీద పేరు రాసుంటదానే అమ్మా అన్నాడు. మరిది నవ్వలేదు. నేనూ దోసిలి పట్టాను. బొగ్గు తగిలింది, దాని వెనకే కొంచెం ఇనుము రుచి. అవి మా బావివేనని ప్రమాణం చేయమంటే ఈనాటికీ చేయలేను. కాని ఆ చీకట్లో ఆమె ఆ మాట నాకే చెప్పడంతో, అన్నాళ్ళ ముల్లు నాలోంచి ఊడి వచ్చింది. సంతోషించాల్సిన చోటు కాదది. అయినా సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు?

పైకొచ్చాక కాపలా మనిషి చుట్ట తిరిగిచ్చాడు. ఆమె ముట్టించలేదు. మైదానంలో ఆడవాళ్ళకు తాడు లాగే పోటీ పెడుతున్నారు, ఒక జట్టుకు ఒకరు తక్కువయ్యారని ఎవరో వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఆమె పోయి, తాడు చివర నడుముకు చుట్టుకుని వెనక్కి వాలి నిలబడింది. అవతలి జట్టులో అంతా ఆమె కంటే చిన్నవాళ్ళు, నవ్వుకుంటూ లాగుతున్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. వాళ్ళందరినీ గీత దాటించి ఇవతల పడేసింది. బహుమతిగా ఇచ్చిన స్టీలు డబ్బాను పక్కనున్న పిల్లకెవరికో ఇచ్చేసి, నడువు పోదాం అంది.

ఆ సాయంత్రం ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. మాట్లాడొద్దని ముందే చెప్పింది కదా. తిని, చెయ్యి కడుక్కుని, చిన్నకొడుకును దగ్గరికి పిలిచింది. "చిన్నోడా, పొద్దుగాల డ్యూటీకి పో" అంది. వాడు నమ్మలేనట్టు చూశాడు. "నీళ్ళే ఆడికి పాయె. ఇగ నిన్ను ఎండిన బాయి కాడ కూసోవెట్టుకొని నేనేం జేసుకోవాలె? పో." పని కావాలని పళ్ళెం ముందు నుంచి లేచిపోయినవాడు తల్లి ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె వాడి వీపు మీద చెయ్యి వేసి గోడకేసి చూస్తూ కూర్చుంది. అంత పెద్ద గొంతు మనిషి అంత మెల్లగా మాట్లాడటం నేను అదొక్కసారే విన్నాను.

ఆ ఏడే ఎద్దులను అమ్మేసింది, మాతో ఉండటానికి వచ్చేసింది. చెలకను ఒకరికి కౌలుకిచ్చాం, వాన పడితే కందులు వేసేవాడు. నా అడుగు మంచిది కాదన్న మాట మళ్ళీ ఆమె నోట రాలేదు. మరిది షిఫ్టు నుంచి రాగానే మాత్రం అలసిపోయావా అని కాకుండా, "నీళ్ళెట్లున్నయిరా?" అని అడిగేది. వాడు కూడా బూట్లు విప్పుతూ, మొన్నటి కంటె జర ఎక్కువున్నయమ్మా అనో, పంపు ఆగింది, మోకాలు మునిగిందనో ఉన్నదున్నట్టు చెప్పేవాడు. విన్న కొత్తవాళ్ళు పొలం దగ్గర్నుంచి వచ్చిన కొడుకుతో మాట్లాడుతోందనుకునేవాళ్ళు. ఒక వానాకాలం, రెండు రోజుల జ్వరంతో ఆమె వెళ్ళిపోయింది.

మరిది ఉద్యోగం పూర్తయి ఇంటికొచ్చిన కొన్నేళ్ళకు ఆ గనిలో బొగ్గు అయిపోయింది. మూసేశారు, పంపులు తీసేశారు. రెండు మూడు వానలు పోయాక ఒక రోజు వాడు ఫోన్ చేసి, "వదినె, ఒక్కపారి చెలక కాడికి రా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. పోయాను. చుట్టూ తుమ్మ చెట్లు కమ్ముకున్నాయి. మోట రాళ్ళు ఒక పక్కకు ఒరిగాయి. వాడు కొమ్మలు పక్కకు తప్పిస్తే, బావిలో నీళ్ళు చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో నిలిచి ఉన్నాయి. వాడు ఒడ్డున బోర్లా పడుకుని దోసిలితో తీసి నాకిచ్చాడు. తాగాను. ఎట్లున్నాయని వాడు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరం అక్కడే కూర్చున్నాం, పొద్దు వాలేదాకా. వాడికి ఇప్పుడు మోట కొట్టడానికి మోకాళ్ళు సహకరించవు, వాడి పిల్లలకు నాగలి ఏ చేత్తో పట్టాలో తెలియదు. నీళ్ళకేం తొందర, ఎన్నేళ్ళు పట్టినా వాటి చోటికి అవి నిదానంగా వచ్చేశాయి; వాటి కోసం ఎదురుచూసిన మనిషికే అంత కాలం లేకపోయింది.