పద్మ కోయని పువ్వు

ఈ మాట ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది. చిన్న తప్పేగా అంటారేమో. చిన్నదైతే ఇంతకాలం నన్నెందుకు తింటుంది?

శాన్ రామన్‌లో మా పక్కింట్లో మిచికో గారని ఒక పెద్దావిడ ఉంటారు. జపాన్‌లో వాళ్లది హయాచినే అనే కొండ కింద ఊరు. పెళ్లికి ముందు ఆవిడ ఆ కొండ మీద మొక్కలకి కాపలా తిరిగేవారట. అక్కడ తప్ప ఇంకెక్కడా పూయని తెల్లటి నూగు పువ్వు ఒకటుంది. ఒక వేసవిలో నన్నూ, మా వెనక వీధిలో ఉండే నా స్నేహితురాలు పద్మనీ ఆ పువ్వు చూపిస్తానని జపాన్ తీసుకెళ్లారు.

పద్మకి పొద్దున్నే పూజకి పూలు కావాలి. వాకింగ్ పేరుతో వెళ్లి, కనపడిన ప్రతి ఇంటి ముందూ రెండు పూలు తుంచుకునేది. దేవుడికి కోస్తే దొంగతనం కాదనేది. మిచికో గారైతే తన పెరట్లో కోసుకోమని గేటు తీసే ఉంచేవారు. నేను మాత్రం దాన్ని పూలదొంగ అని అందరిముందూ ఏడిపించేదాన్ని. నాకు పూజలూ పునస్కారాలూ లేవని గొప్ప.

కొండ ఎక్కేముందు మిచికో గారు మా ఇద్దరికీ గట్టిగా చెప్పారు, దారి పక్కన కట్టిన తాడు దాటొద్దు, ఆకు కూడా ముట్టొద్దు అని. చెబుతూ పద్మ వైపు చూసి నవ్వారు. మేమూ నవ్వాం.

ఆ వారం మా చెల్లెలి బయాప్సీ రిపోర్ట్ రావలసి ఉంది. వాళ్లకి చెప్పలేదు. ఇనుప నిచ్చెన పట్టుకుని నున్నటి రాళ్ల మీద ఎక్కుతున్నంతసేపూ నాకు అదే ఆలోచన. శిఖరం మీద ఒక చిన్న గుడి ఉంది. పద్మ ముందే వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చి, మిచికో గారి పక్కన కూలబడింది. ఆ తర్వాత నేను ఒక్కదాన్నే వెళ్లాను. దేవుడి దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకూడదని చిన్నప్పుడు అమ్మ నేర్పిన మాట. అది గుర్తొచ్చి చేశానా, లేక గుర్తురాకముందే చెయ్యి వెళ్లిపోయిందా? తాడు కిందుగా వంగి ఒక పువ్వు కోశాను. గుడి గడప మీద పెట్టి, చెల్లెలు బతకాలని మొక్కుకున్నాను.

కాసేపటికి మిచికో గారు ఆ పువ్వు చూశారు. అక్కడున్న కాపలావాళ్ల దగ్గరికి వెళ్లి, క్షమాపణగా నడుం వంచి చాలాసేపు అలాగే ఉండిపోయారు. లేచి పద్మ వైపు చూశారు.

"నేను కొయ్యలేదే, ఒట్టు. నువ్వైనా ఆవిడకి చెప్పవే," అంది పద్మ.

"ఒక్క పువ్వే కదే. సారీ చెప్పేయ్, అయిపోతుంది."

"అంటే నువ్వూ అలాగే అనుకుంటున్నావా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను భుజం కూడా కదపలేదు. పద్మ వెళ్లి, చెయ్యని తప్పుకి తలవంచి సారీ చెప్పింది.

చెల్లెలి రిపోర్ట్‌లో ఏమీ లేదని వచ్చింది. నిజం చెబితే ఆ మొక్కు చెల్లకుండా పోతుందేమోనని భయపడ్డాను. నిజంగా అదేనా నా భయం? కాదు. మిచికో గారు నన్ను పద్మని చూసినట్టు చూస్తారని భయం. మొక్కు సంగతి నాకు నేను చెప్పుకున్న సాకు.

పద్మ మళ్లీ మిచికో గారి గేటు దాటలేదు. ఇప్పుడు దాని దేవుడికి అక్షింతలే. మా వాళ్లంతా జపాన్ పువ్వు అంటూ దాన్ని ఆటపట్టిస్తారు. వాళ్లతో పాటు నేనూ నవ్వుతాను.

మొన్న పాట్‌లక్ భోజనాల్లో ఎవరో మళ్లీ ఆ కబురు ఎత్తారు. పద్మ నవ్వేసి, "ఏమోలెండి, అలవాటు పడ్డ చెయ్యి. నేనే కోసి మర్చిపోయానేమో," అంది. హాస్యానికి అనలేదు. అది నిజంగానే నమ్మడం మొదలుపెట్టింది.

రేపు వెళ్లి చెబుతానా? తెలియదు. చెబుతానని మీకు మాటిస్తే అదీ ఇంకో అబద్ధం కావచ్చు. ఇవాళ్టికి నాకు చేతనైంది ఇంతే. ఆ పువ్వు కోసింది నేను. పద్మ కాదు.