మాత్సు తల్లికి బిగుతైన జోళ్లు

లుకాంగ్‌లో ఏటి ఒడ్డు వీధి చివర గుడి ఉంది. అందులోని సముద్ర దేవత మాత్సు తల్లికి ఏటా పుట్టినరోజుకి పట్టు జోళ్లు కుట్టేది సియుహా. ఆ పని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తల్లి రాత్రిళ్లు ఊరంతా తిరిగి జబ్బుపడ్డవాళ్లను పలకరించి వస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. అందుకే కొత్త జత తొడగడానికి పాతది విప్పితే అడుగున మట్టి ఉండాలి. ఆ మట్టి జోళ్లను సియుహా బీరువాలో దాచుకుని, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించి మురిసిపోయేది.

ఈసారి పండగ ముందు విగ్రహం తుడుస్తూ పూజారి జోళ్లు తిప్పి చూస్తే, అడుగు తెల్లగా కొత్తగా ఉంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి సియుహాకు ముద్ద దిగలేదు. కుట్టి ఉంచిన కొత్త జత పెట్టెలోంచి బయటికి రాలేదు.

కావ్‌శ్యుంగ్ నుంచి పండక్కొచ్చిన చెల్లెలు బియోక్, దారిలో కొన్న తీపి రొట్టె నములుతూనే గుమ్మంలోకి అడుగుపెట్టింది.

"ఏంటక్కా, మొహం అలా వేలాడేశావ్?"

"మాత్సు తల్లి నా జోళ్లు వేసుకోలేదే. ఇక సూది పక్కన పెట్టమంటోంది."

"అంటోందా? నువ్వడిగావా?"

"అడగాలంటే భయం."

"తల్లిని అడగడానికి భయమేంటి? పద!"

గుడిలో సియుహా, తల్లి జవాబు తెలుసుకోడానికి నేలమీద వేసే నెలవంక చెక్కలు రెండూ పట్టుకుంది. "కుట్టడం మానేయనా తల్లీ?" అని వేసింది. రెండూ బోర్లా పడ్డాయి. వద్దని అర్థం. "మరి నా మీద కోపమా?" ఈసారి రెండూ వెల్లకిలా పడి ఊగాయి. అంటే తల్లి నవ్వుతోంది.

"నేనేడుస్తుంటే నవ్వుతుందేంటే!" అని సియుహా ఉడుక్కుంది.

"బిగుతేమో అడుగక్కా. నా పెళ్లికి నువ్వు కుట్టిన జోళ్లతో ఎంత కుంటానో మర్చిపోయావా?"

"విగ్రహం పాదాలు పెరుగుతాయటే?" అని కసురుతూనే తల్లిని అడిగి చెక్కలు వేసింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. అవునట! మళ్లీ వేసినా అదే, మూడోసారీ అదే.

అప్పుడు గుర్తొచ్చింది సియుహాకు. చలికి తల్లి పాదాలు వణుకుతాయేమోనని కిందటేడు జోళ్ల లోపల దూది కూరింది తనే. కొత్త జతలో ఇంకాస్త ఎక్కువే కూరింది. ఇంటికి పరుగెత్తి ఆ జత తెచ్చి, గుడి మెట్ల మీదే కూర్చుని దూదంతా పీకేసింది.

మరుసటేడు పూజారి ఆ జతను విప్పి ఆమె చేతిలో పెట్టాడు. అడుగంతా మట్టి. ఒకచోట ఆల్చిప్ప ముక్క కూడా ఇరుక్కుంది.

సియుహాకు సంతోషంతో కళ్లనీళ్లు ఆగలేదు, నోరూ ఆగలేదు. "పట్టు జోళ్లేసుకుని చేపల వీధిలోకి వెళ్తావటమ్మా? ఎలా చేశావో చూడు!"

"ఇటివ్వు, కడిగి తెస్తా," అంటూ ఈ పండక్కీ వచ్చిన బియోక్ చెయ్యి చాపింది.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా!" అని సియుహా ఆ మట్టి జోళ్లను గుండెలకు హత్తుకుంది.