సగం చిరిగిన రాక్షసబల్లి

మా కాలంలో చదువు బడిలో దొరికేది కాదు, బొరుగుల పొట్లంలో దొరికేది. నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి (నిజం చెప్పాలంటే నేను మానలేదు, పంతులే రావడం మానేసినాడు). ఆ తర్వాత నాకు వచ్చిన విద్యంతా సంతలో శెట్టి చుట్టి ఇచ్చిన కాగితాల మీదుగా వచ్చిందే. బొరుగులు తినేసి, పొట్లం విప్పి, నూనె మరకల మధ్య అక్షరాలు కూడబలుక్కుని, ఏ దేశంలో ఏ రాజు గెలిచినాడో, ఏ చేప ఎన్ని గుడ్లు పెడుతుందో తెలుసుకున్నాను. ఒక్కటే చిక్కు. శెట్టి పొట్లానికి ఎంత కావాలో అంతే చింపుతాడు గాని, సంగతి ఎక్కడ ముగుస్తుందో చూడడు. కాబట్టి నా చదువంతా సగం సగమే. నాకు తెలిసిన రాజుల్లో చాలామంది సింహాసనం ఎక్కి ఇంతవరకూ దిగలేదు.

ఈ ముక్క ఇప్పుడెందుకంటే, పోయిన వారం మా మనవరాలి బడి నుంచి కోడలి ఫోనుకు ఒక జాబితా వచ్చింది. మనవరాలు యూకేజీ. రాయదుర్గంలో మేముండేది ఒక గది, ఒక వంటిల్లు. కోడలు జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేసి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. "మామా, ఈ వారమంతా పాపతో ఇంట్లోనే డైనోసార్ పాఠాలు చేయించాలంట, ఫొటోలు తీసి పంపాలంట, నువ్వు చూసుకో" అని ఫోను నా చేతిలో పెట్టింది. చదివినాను. మైదాపిండి ముద్ద చేసి, దాంట్లో బొమ్మ కాలు అదిమి, అడుగుజాడ తీయాలంట. కందిబ్యాళ్ళు, పెసలు జిగురుతో అట్టకు అంటించి డైనోసార్ చర్మం చేయాలంట. తట్టలో ఇసుక పోసి, ప్లాస్టిక్ ఎముకలు పూడ్చిపెట్టి, పిల్లలతో కుంచె పెట్టి తవ్వించాలంట. నాకు ఒళ్ళు మండింది. "పిండి ఉండేది కాలు అదిమేదానికా? బ్యాళ్ళు ఉండేది అట్టకు అంటించేదానికా? ఎమికలకు గూడా దుడ్లు పెట్టి కొంటిరా?" అని అడిగినాను. కోడలు నా కోపాలకు అలవాటుపడిన మనిషి. "బ్యాళ్ళు నేను తెస్తా, ఎమికలు బడివాళ్ళే ఇచ్చినారు, నువ్వు ఇసుక తీసుకొస్తే చాలు మామా" అనింది.

ఇసుక తెచ్చినాను. తట్టలో పోసి ఆ తెల్లటి ప్లాస్టిక్ ఎముకలు ఒక్కొక్కటి లోపలికి తోస్తాంటే నా చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఈ పని నేను ఇంతకుముందు ఒకసారి చేసినాను. అప్పుడు ఎముకలు ప్లాస్టిక్కువి కావు.

నాకప్పుడు ఇరవై ఏండ్లు. వరసగా మూడేండ్లు వాన లేదు. విడపనకల్లు దిక్కు మా నల్లరేగడి చేలు నోళ్ళు తెరిచినాయి, నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా పోయేది. వంక పక్కన సర్కారు కరువు పని పెట్టింది, మట్టిరోడ్డు వేసే పని. (ఆ రోడ్డు ఏ ఊరికి పోతుందో ఓవర్సీరుకే తెలీదు. ఈనాటికీ అది ఒక చేను గట్టు దాకా పోయి, ఏదో మరిచిపోయినట్టు నిలబడి ఉండాది.) కూలి కింద జొన్నలు, మధ్యాహ్నం పెద్ద బానలో కాచిన గంజి. మూడోనాడే నేను మట్టితట్టతో కట్ట మీద నుంచి జారిపడి ఎడమచెయ్యి విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టే ఆయన కోడిగుడ్డు సొన పూసి వెదురుబద్దలు బిగించినాడు. (ఆ గుడ్డు నా నోట్లో పోసింటే చెయ్యి ఇంకా తొందరగా అతుక్కునేదని ఇప్పటికీ నా నమ్మకం.)

పని చేయకపోతే జొన్నల్లేవు. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "నాలుగక్షరాలు వచ్చినోనివి గదప్పా, ఆ తుమ్మచెట్టు కింద పిల్లోళ్ళను సూసుకో. గంజి బాన దగ్గరికి ఒక్కడొచ్చినా ఆ పొద్దుకు నీకి జొన్నల్లేవు" అన్నాడు. అంతకు ముందురోజే ఒక పిల్లవాడు బానలో చెయ్యి పెట్టి కాల్చుకున్నాడు. పిల్లలను చూసుకోవడం అంటే అవ్వల పని. మట్టి మోసే ఆడవాళ్ళు తట్ట దించి మరీ నన్ను చూసిపోయేవాళ్ళు. "ఏమప్పా, పాలు గూడా నువ్వే ఇస్తావా?" అని ఒకామె అడిగింది. మిగతావాళ్ళకు ఆ పూట నవ్వేదానికి అదొక్కటే దొరికింది కాబట్టి నేను కూడా నవ్వేసినాను.

పద్దెనిమిది మంది పిల్లలు, రెండేండ్ల నుంచి ఆరేండ్ల దాకా. గంజి పోసేది మధ్యాహ్నం, వాసన వచ్చేది పొద్దున్నే. ఆ వాసన పట్టుకుని పద్దెనిమిది ముక్కులూ అటే తిరిగేవి. వాళ్ళలో ఐదేండ్ల పిల్ల ఒకతె ఉండేది, మిడత అని పిలిచేవాళ్ళం, ఒకచోట కాలు నిలవదు. వాళ్ళ నాయన నాకు వరసకు అన్న. ఆయనకు ఎర్రోడని ఒక ఎద్దు ఉండేది. ఆ పిల్ల నడక నేర్చింది దాని ముందరి కాలు పట్టుకునే. ఆ ఎండాకాలం ఎర్రోడు ఒకనాడు పండుకున్నవాడు మళ్ళీ లేవలేదు. పిల్ల నిద్ర లేవకముందే నలుగురు కలిసి వంక మలుపులోకి ఈడ్చి పారేసినారు. "ఎర్రోన్ని గొడ్ల క్యాంపుకు తోలినా, ఆడ సర్కారోళ్ళు గడ్డి పెడతారు" అని వాళ్ళ నాయన చెప్పినాడు. ఎద్దు కనపడక ఆ పిల్ల రెండు దినాలు గంజి ముట్టలేదు. ఆ ఏడు తిండి మానిన పిల్లలు మళ్ళా మొదలుపెట్టడం అరుదు, అది అందరికీ తెలుసు. మూడోనాడు వాళ్ళ నాయన ఇంకొక మాట కలిపినాడు: "నువ్వు ఈడ గంజి తాగితేనే వాడు ఆడ గడ్డి తింటాడంట. నువ్వు ముట్టకపోతే వాడూ ముట్టడంట." అప్పటినుంచి ఆ పిల్ల గిన్నె అడుగు దాకా తాగేది. తాగి, గట్ల మీద ఎండిన గడ్డి పిడికెడు ఏరి ఒడిలో కట్టుకునేది, క్యాంపు దిక్కు పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇచ్చి పంపాలని. పనిలో ఉన్న వందమందికీ అసలు సంగతి తెలుసు. ఒక్కరు నోరు జారలేదు. మేస్త్రీ కూడా అటు పోతా, "ఎర్రోడు బలిసినాడంటనే మిడతా" అనేవాడు.

పిల్లలను బాన వాసన మరిపించేదానికి నేను ముందు రాజుల కథలు చెప్పినాను. సగంలో ఆగిపోయే రాజులు వాళ్ళకు నచ్చలేదు. అప్పుడు గుర్తుకొచ్చింది, మా ఇంటి చూరులో దాచిన ఒక పొట్లం కాగితం. దాంట్లో రాక్షసబల్లి బొమ్మ ఉంది. తల, తాటిచెట్టంత మెడ, ముందర కాళ్ళు రెండు, అంతే. వెనక భాగం ఇంకెవరి బొరుగులతోనో పోయింది. కింద అక్షరాలు కూడా 'ఇంతటి ప్రాణులు భూమి మీద లేకుండా పోవడానికి కారణం' అనేవరకు వచ్చి చిరిగిపోయినాయి. ఆ కాగితం తెచ్చి చూపించి, వంక ఇసుకలో మడమతో గీత గీస్తా బల్లిని వేసినాను. "ఎనక ఎట్లుంటాది చిన్నాయనా?" అని అడిగినారు. తెలీదని చెప్పే అలవాటు నాకు అప్పటికి లేదు (ఇప్పుడు కూడా లేదని కోడలు అంటుంది). కాబట్టి ఎద్దు పిర్రలు పెట్టి, కుచ్చుతోక తగిలించినాను. "ఎట్ల సచ్చిపోయినాయి?" అన్నారు. "వానల్లేక" అన్నాను. ఎవరూ ఇంకొక ప్రశ్న అడగలేదు. వాళ్ళకు తెలియని కారణం కాదు గదా.

అంతటితో ఊరుకునింటే బాగుండేది. ఎవరి చేతులతో వాళ్ళు తవ్వుకుంటేనే చదువు నిలుస్తుందని నాకొక సిద్ధాంతం ఉండేది (అది కూడా ఏదో పొట్లంలోనిదే). తెల్లారుజామున గోనెసంచి తీసుకుని వంక మలుపుకు పోయినాను. అక్కడ ఎముకలకు కరువు లేదు. ఒంటిచేత్తో మూడు విడతలు మోసి, గీత లోపల ఇసుకలో పూడ్చినాను. నీళ్ళకుండ దగ్గర కూర్చునే అవ్వ చూసి, "పసిబిడ్డలతో ఎమికలు పట్టిస్తావేమిరా, రెండో చెయ్యి గూడా ఇరగ్గొట్టుకోవాలని ఉండాదా?" అనింది. "ఇది శాస్త్రం అవ్వా" అన్నాను. ఏ ఎముక ఎవరిదని నేను చూడలేదు. ఎముకలకు పేర్లుంటాయని నాకు తోచలేదు.

మొదటి రోజు నా శాస్త్రం గెలిచింది. పిల్లలు బాన దిక్కు తల తిప్పలేదు. బర్రె పుర్రె దొరికింది, గాడిద కాలు దొరికింది, గొర్రెదో కుక్కదో పక్కటెముకలు దొరికినాయి. అన్నీ పేర్చితే భూమి మీద ఎప్పుడూ నడవని జంతువు ఒకటి తయారయింది. ఓవర్సీరు వచ్చి, "ఏమిదంతా?" అన్నాడు. "రాక్షసబల్లి సార్." "ఎవురు పెట్టమన్యారు?" అంటానే టేపు తీసి తల నుంచి తోక దాకా కొలిచినాడు. తవ్విన చోటు కనపడితే కొలవకుండా పోలేని మనిషి. కొలత అయితే పట్టినాడు గాని, అది ఏ పద్దులో రాయాలో తెలియక తల గీక్కుంటా పోయినాడు.

రెండోనాడు పొద్దు బారెడెక్కినాక మిడత ఇసుకలో నుంచి ఒక కొమ్ము లాగింది. నేను దూరం నుంచే చూసినాను. కొన విరిగిన కొమ్ము. మొదలు దగ్గర నీలిరంగు పెచ్చులు ఇంకా అంటుకుని ఉండాయి. విరిగిన చోట బారుగా చీలకుండా రాగితీగ చుట్టి ఉండాది. ఏరువాక పున్నమికి ముందర వాళ్ళ నాయన ఎర్రోని దగ్గర కూర్చుని, పిల్లను పక్కన పెట్టుకుని, ఒక్కొక్క చుట్టు చుట్టింది ఊరంతా చూసినారు. ఇన్ని కాగితాలు చదివినవాణ్ణి, ఇట్లాంటప్పుడు ఏం చెప్పాలో ఏ పొట్లంలోనూ చదవలేదు.

పిల్ల కొమ్మును తిప్పి తిప్పి చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. ఆ పూట ఎగరలేదు, నడిచి వచ్చింది.

"చిన్నాయనా, రాక్షసబల్లికి కొమ్ములుంటాయా?"

"ఉంటాయి" అన్నాను. కాగితంలో లేవు.

"ఇరిగిపోతాయా?"

"కొట్లాడుకుంటే ఇరుగుతాయి."

"ఇరిగితే తీగ ఎవురు సుడతారు?"

నేను అటూ ఇటూ చూసినాను. అవ్వ కుండ మీది ముంతను తీసి మళ్ళీ అక్కడే పెట్టింది. "వాళ్ళ నాయన" అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. పెద్దవాళ్ళు కూడా ఎవరూ నన్ను అట్లా చూడలేదు. తర్వాత లంగా అంచుతో కొమ్ముకు ఉన్న ఇసుక తుడిచి, తీసుకుపోయి ఆ బర్రె పుర్రె పక్కన, విరిగిన కొన పైకి వచ్చేటట్టు నిలబెట్టింది.

మధ్యాహ్నం గంజికి పిలుస్తా ఇనుపముక్క మీద కొట్టినారు. అందరూ చెట్టు దిక్కు వచ్చినారు. వాళ్ళ నాయన పార భుజాన వేసుకుని వచ్చి, కొమ్మును చూసి, అడుగు ముందుకు వేయకుండా నిలబడిపోయినాడు. ఒకరి తర్వాత ఒకరు చూసినారు. సత్తుగిన్నెలో గంజి పోసి పిల్ల ముందు పెట్టినారు. అంతమంది కూలీలు తమ గంజి చల్లారిపోతాంటే ఒక గిన్నెను చూస్తా నిలబడటం నేను ఆ ఒక్కసారే చూసినాను.

పిల్ల గిన్నె ఎత్తింది. తాగింది. అడుగున మెతుకులు వేలితో తీసి నాకింది. లేచి, ఒడిలో కట్టుకున్న గడ్డి విప్పి, ఆ కొమ్ము ముందర పెట్టింది.

"చిన్నాయనా, రాక్షసబల్లి గడ్డి తింటాదా?"

"తింటాది."

"అయితే ఇంగ ఈడనే పెడతా. క్యాంపు శానా దూరం గదా" అనింది, వాళ్ళ నాయన దిక్కు చూడకుండా.

అన్న నా దగ్గరికి వచ్చినాడు. కొడతాడని ఎడమచెయ్యి వెనక్కు దాచుకున్నాను. "ఆ చెయ్యి కాదు, బాగుండే చెయ్యి ఇరగ్గొడదామని వస్తి" అన్నాడు. నా పక్కనే కూలబడినాడు. "సగం కాగితం సదివే ఇంత పని చేస్తివి. పూర్తిగా సదివింటే మమ్మల్ని గూడా పూడ్చి తవ్విస్తావుంటివి" అని, తలగుడ్డ విప్పి ముఖం మీద వేసుకున్నాడు. ఆయన గంజి అవ్వ తెచ్చి పక్కన పెట్టింది. చాలాసేపటికి తాగినాడు.

మిడత బతికింది. దాని తర్వాత వాన వచ్చింది, వంక వచ్చింది, నా రాక్షసబల్లి మెడతో తోకతో సహా కొట్టుకుపోయింది. ఇప్పుడామెకు మనవళ్ళు. పెండ్లిళ్ళలో కనపడితే నలుగురిలో, "చిన్నాయనా, బల్లి బాగుండాదా?" అని అడుగుతుంది. బాగుండాదంటాను. ఆ కొమ్ము సంగతి ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను.

ఇక మా మనవరాలు. తట్టలో కుంచెతో గీకి, ఎముకలన్నీ తీసి, అట్ట మీద బొమ్మ చూస్తా పేర్చింది. బడివాళ్ళు ఇచ్చిన కాగితం నేను చదివినాను. ఈ కాగితం చిరగలేదు. రాక్షసబల్లులు ఎందుకు లేకుండా పోయినాయో దాంట్లో ఉంది: ఆకాశం నుంచి పెద్ద రాయి పడిందంట. శెట్టి చింపిన ఆ మిగతా సగం నా చేతికి వచ్చేసరికి నాకు డెబ్భై దాటినాయి. పద్దెనిమిది మంది పిల్లలకు తప్పు చెప్పినానే అని ఒక నిమిషం సిగ్గుపడినాను. తర్వాత కోపం వచ్చింది. వాటి మీద పైనుంచి ఏదో ఒకటి పడింది కాబట్టి చచ్చిపోయినాయి. మావి పైనుంచి ఏమీ పడకనే చచ్చిపోయినాయి. దాని మీద పాఠం చేసి ఫొటో తీసి పంపమని ఏ బడీ అడగదు.

"తాతా, దీనికి మూడు కొమ్ములుండాల. ఒకటి ఇరిగిపోయింది. అమ్మతో చెప్పి వాపస్ ఇప్పిద్దాం" అనింది పాప. "ఉండనీలే, ఇట్లాంటివి గూడా ఉండె" అన్నాను. చెడిపోయిన ఛార్జరు ఒకటుంటే దాని వైరు కోసి, సన్నటి రాగిపోగు తీసి, ఆ వేలెడు కొమ్ముకు చుట్టినాను. నాలుగు చుట్లకు పావుగంట పట్టింది. కోడలు ఫొటో పంపినాక బడి నుంచి టీచరమ్మ, ఆ తీగ ఏమిటని అడిగిందంట. కోడలు నా ముఖం చూసింది. నేను అట్ట మీద నుంచి రాలిన కందిబ్యాళ్ళు ఏరి డబ్బాలో వేసుకునే పనిలో ఉన్నాను.

"డైనోసార్‌కి తీగ ఎవురు సుట్టినారు తాతా?" అని పాప అడిగింది.

"వాళ్ళ నాయన" అన్నాను.

ఈ పిల్ల ఠక్కున నమ్మేసింది. నమ్మి, ఆ మాట అప్పుడే మరిచిపోయి, మైదాపిండి ముద్ద కోసం వంటింట్లోకి ఎగిరిపోయింది. నేను మాత్రం చేతిలో ఏడెనిమిది కందిబ్యాళ్ళు పట్టుకుని, పిండి దండగ చేయొద్దని అరవాల్సినవాణ్ణి, ఎందుకో ఆ పూటకు ఊరుకున్నాను.