నాగరత్నమ్మ కట్టుబాటు

కోలారు కొండల వెనక ఉన్న దొడ్డగుట్టపల్లిలో ఎలుగుబంటి ఇంట్లో దూరడం పెద్ద వింతేమీ కాదు. పనసపళ్ళు మాగే రోజుల్లో, గుట్ట మీద తిండి దొరక్క, అది తెల్లవారుజామున కిందికి దిగుతుంది. వెనక తలుపు వదులుగా ఉన్న ఇల్లు చూసుకుంటుంది. బెల్లమో, నూనో, పనసపండో, ఏది దొరికితే అది తిని, ఎవరి జోలికీ పోకుండా వెళ్ళిపోదామనే వస్తుంది. దాన్ని పోనివ్వనిది మనుషులే. ఈ మాట మొదట అన్నది నాగరత్నమ్మ. అన్నందుకు ఊరు ఆమెను చాలా కాలం ఆటపట్టించింది.

ఆటపట్టించరా మరి? ఆమె పుట్టి పెరిగింది కె.జి.ఎఫ్. బంగారు గనుల ఊళ్ళో, కోరమండల్ లైన్లనే కూలీల ఇళ్ళ వరసల్లో. గని సైరను మోగితే నిద్ర లేచిన పిల్ల. గనులన్నీ సర్కారు చేతికి వచ్చాక కూడా తండ్రి వెంకటేశప్ప పాత పనిలోనే ఉన్నాడు. భూమి లోపల రాయి పగిలి కూలినప్పుడు, చిక్కుకున్నవాళ్ళను బయటికి తెచ్చే రెస్క్యూ జట్టులో మనిషి. అలాంటి ఇంటి నుంచి శ్రీరామప్పను చేసుకొని ఈ పల్లెకు వచ్చింది. వచ్చేసరికి ఇక్కడ రాగి చేను, పట్టుపురుగులు, రెండు పాడి ఆవులు, వీటన్నిటినీ గొంతుతోనే నడిపించే అత్త పిల్లమ్మ ఉన్నారు.

పిల్లమ్మ గొంతు సంగతి చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టే. ఆమె పెరట్లో కోడిని తిడితే, వీధి చివర పాల సొసైటీ దగ్గర వరసలో నిలుచున్నవాళ్ళకు వినపడేది. కోడలు వేసిన ముగ్గు వంకర, కలిపిన సంగటి పలచన, కట్టిన చీర మరీ టౌనుది. నడుము పట్టేసి మంచాన పడ్డాక ఒళ్ళు తగ్గింది గాని గొంతు తగ్గలేదు. నాగరత్నమ్మ అన్నీ విని, నవ్వి, తన పని తాను చేసుకుపోయేది. అత్తకు నడుముకు నూనె రాసేదీ, చెయ్యి పట్టి పెరట్లోకి తీసుకుపోయేదీ ఆమే. ఆ వేళల్లో కూడా పిల్లమ్మ నోరు ఊరుకునేది కాదు.

ఎలుగుల గొడవ జయరాం ఇంట్లో మొదలైంది. ఆదినారాయణప్ప అని ఊళ్ళో కాస్త మాట చెల్లే మనిషి ఒకాయన, ఈ జయరాం ఆయన తమ్ముడు. ఓ పొద్దున వంటింట్లోకి ఎలుగు దూరింది. జయరాం భార్య గబగబా అటక ఎక్కేసింది. బయట ఉన్నవాళ్ళకు మొదట తోచిన పని ఏమిటంటే, వెనక తలుపుకు బయటి నుంచి గొళ్ళెం పెట్టడం! ఇంకేం, ఊరంతా ఊడిపడింది. పక్క పల్లెల నుంచి సైకిళ్ళ మీద వచ్చారు. పిల్లలకు భయం పోవాలని తాయెత్తులో వేయడానికి ఎలుగు వెంట్రుక దొరుకుతుందేమోనని కొందరు ఆశగా తలుపు పక్కనే కాచుకున్నారు. డప్పులు, డబ్బాలు, కేకలు. దారి మూసి ఇంత హడావుడి చేస్తే ఏ జంతువైనా ఏం చేస్తుంది? అది పిచ్చెత్తినట్టు గోడలు గీరసాగింది. భార్య ఏడుపు విని జయరాం ఆగలేకపోయాడు. నలుగురు పట్టుకున్నా విదిలించుకొని ముందు తలుపులోంచి లోపలికి దూకాడు. అటక మీది భార్యకు గీత కూడా పడలేదు. జయరాం ఎడమ చెయ్యి మాత్రం ఆ రోజు నుంచి పనికిరాలేదు.

అందరూ ఎలుగును తిట్టారు. నాగరత్నమ్మ ఒక్కతే మనుషులను తిట్టింది.

"మా నాయన పనిలో ఒకటి ఉండాది," అంది, బావి దగ్గర చేరిన జనంతో. "గనిలో కూలినప్పుడు ముందు గుంపును పంపించేస్తారు. తరవాత, లోపల ఎవురి మనుషులు చిక్కుకున్నారో వాళ్ళని దిగనియ్యరు. తమ్ముడు లోపల ఉంటే అన్న జట్టులో ఉండకూడదు. వాడు కన్ను మూసుకొని పరిగెత్తుతాడు, వాడితో ఇంగా ఇద్దరు పోతారు. ఈడ కూడా అట్లే చెయ్యల్ల. వెనక తలుపు తెరిచి పెట్టండి. కొండ దిక్కు ఎవురూ నిలబడొద్దండి. అరవొద్దండి. సొంతవాళ్ళని మాత్రం సొసైటీ గోడ కాడ కూచోబెట్టండి, ఇంటి దిక్కు చూడకుండా."

"ఏమమ్మా, బంగారం తవ్వే బుద్ధులు మా గుట్టకి పనికొస్తాయా?" అన్నాడు ఆదినారాయణప్ప. తమ్ముడి చెయ్యి పోయిన మంటలో ఉన్నాడు పాపం. జనం నవ్వారు. ఇంటికొచ్చాక పిల్లమ్మ కూడా, "ఊరికి బుద్ధి చెప్పను పోతివా? ముందు పాలు పొంగిపోతా ఉండాయి చూడు," అంది.

ఆమె చెప్పనిది ఒకటుంది. ఆ నియమం ఆమె విన్నది కాదు, చూసింది. ఆమె చిన్నాన్న కూడా గనిలోనే పని చేసేవాడు. ఆయన లోపల చిక్కుకున్న రోజున, ఎందరినో పైకి తెచ్చిన వెంకటేశప్పను జట్టువాళ్ళే బయట కూర్చోబెట్టారు. ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకొని, గని ద్వారానికి వీపు పెట్టి కూర్చున్నాడు. తమ్ముణ్ణి తెచ్చారు గాని ప్రాణంతో తేలేదు. తర్వాత ఎన్నడూ ఆయన ఆ జట్టును ఒక్క మాట అనలేదు. ఆ వీపును నాగరత్నమ్మ మరిచిపోలేదు.

నవ్వులాట ఎంత కాలం సాగేదో గాని, ఆవులప్ప ఇంట్లో ఎలుగు దూరిన పొద్దున అది ఆగిపోయింది. లోపల ఆవులప్ప భార్య ఒంటరిగా ఉంది. ఆవులప్ప గొడ్డలి పట్టుకొని బయల్దేరాడు. నాగరత్నమ్మ ఎదురుగా వెళ్ళి ఆ గొడ్డలి కర్ర రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు వద్దప్పా."

"తప్పుకో! నీ వాళ్ళు లోపల ఉంటే తెలుస్తాది నీకు!" అని అరిచాడు. నోటికి వచ్చినవన్నీ తిట్టాడు.

ఆమె కర్రను వదలలేదు. చివరికి గొడ్డలి లాక్కొని, ఇద్దరు మగవాళ్ళ చేత ఆయన్ను సొసైటీ గోడ దగ్గర కూర్చోబెట్టించింది. ఆడవాళ్ళ చేత వీధిలో జనాన్ని వెనక్కి పంపించింది. తానే వెళ్ళి వెనక తలుపు తీసి, చప్పుడు చేయకుండా తిరిగి వచ్చింది. ఎలుగుకు చూపు అంతంతమాత్రం. దగ్గరకు వచ్చినదాన్ని చూసి ఉలిక్కిపడితేనే మీద పడుతుంది. కాసేపటికి అది శనగనూనె కుండ ఖాళీ చేసి, మూతి తుడుచుకుంటున్నట్టు తల ఊపుకుంటూ గుట్ట దారి పట్టింది. ఆవులప్ప భార్య తడిక వెనక నుంచి నడుచుకుంటూ వచ్చింది. ఆ రోజు నుంచి నాగరత్నమ్మ మాట ఊరికి కట్టుబాటైంది. అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు ఆదినారాయణప్పే. తప్పు తెలిశాక దిద్దుకోవడానికి సిగ్గుపడని మనిషి ఆయన, అందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. పండగకు బంధువులు వస్తే వాళ్ళకు కూడా ముందు ఇదే చెప్పేవాడు. ఆవులప్ప మాత్రం ఆమె ఎదురుపడితే తల దించుకొని వెళ్ళిపోయేవాడు.

ఆ కట్టుబాటుకు తర్వాత ఇంకొకటి చేరింది, పనసపండు రాత్రుళ్ళు ఇంట్లో ఉంచకూడదని. ఊరంతా పాటించింది. పిల్లమ్మ పాటించలేదు. "మీ కరడికి, ఆ ఎలుగ్గొడ్డుకి భయపడి నేను పండు మానల్లా?" అని ఒక కాయను మంచం కిందే గడ్డిలో మాగబెట్టుకుంది. ఊరందరి నోరూ మూయించిన నాగరత్నమ్మ, అత్త ముందు మాత్రం ఓడిపోయింది. పండిపోయినట్టు వాసన వస్తోంది, రేపు కోసేద్దామనుకొని ఊరుకుంది.

ఆ రేపు వచ్చింది. శ్రీరామప్ప ముందు రోజే పట్టుగూళ్ళు తీసుకొని సంతకు వెళ్ళాడు. నాగరత్నమ్మ వెలుగు రాగానే పాలు పితికి, క్యాను పట్టుకొని సొసైటీకి వెళ్ళింది. పాలు పోసి, ఖాళీ క్యానుతో వెనక్కి తిరిగేసరికి వీధి ఖాళీగా ఉంది. ఆ వేళప్పుడు వీధి అలా ఉండదు. మలుపులో ఆదినారాయణప్ప రెండు చేతులూ చాచి నిలుచున్నాడు.

"నీ ఇంట్లో ఉండాదమ్మా," అన్నాడు గుసగుసగా.

"అత్త?"

"లోపలే."

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన కదల్లేదు.

"లేచే శక్తి లేదన్నా ఆమెకి. పక్కకి తిరగాలన్నా నేను పట్టుకోవల్ల."

"తెలుసమ్మా."

"మంచం కింద పనసపండు ఉండాదన్నా!"

పండు మంచం కింద ఉంటే, ఎలుగు ఎక్కడ ఉన్నట్టో ఇద్దరికీ తెలుసు. ఒక్క క్షణం ఆయన చేతులు కిందికి దిగాయి. వెంటనే మళ్ళీ చాచాడు.

"వెనక తలుపు తెరిచే ఉండాది. కొండ దిక్కు ఎవురూ లేరు. మిద్దె మీద నుంచి ఒక్కడే చూస్తా ఉండాడు. అంతా నువ్వు చెప్పినట్టే చేసినాం. ఇంగ నువ్వు సొంత మనిషివమ్మా. పో, గోడ కాడ కూచో."

నాగరత్నమ్మకు ఆయన్ను నెట్టేసి పరిగెత్తాలనిపించింది. నెట్టగలదు కూడా, పొద్దస్తమానం గడ్డి మోపులు మోసే ఒళ్ళు. కట్టుబాటు పెట్టింది నేనే కదా, నాకెందుకు, అనిపించింది. ముసలామె అక్కడ ఒంటరిగా పడి ఉంటే ఈ పెద్దమనిషి నాకు నీతులు చెబుతాడేమిటి, అని కోపం ముంచుకొచ్చింది. గొడ్డలి పట్టుకున్న ఆవులప్పకు ఆ పొద్దున ఎలా ఉండి ఉంటుందో ఆమెకు అప్పుడు పూర్తిగా తెలిసింది. తెలిశాక ఇక నెట్టలేకపోయింది. క్యాను కింద పెట్టి, వెనక్కి తిరిగి, సొసైటీ గోడ దగ్గరకు నడిచింది.

గోడకు ముఖం పెట్టి కూర్చుంది. చేయగలిగింది ఒక్కటే మిగిలింది, వినడం. అత్త గొంతు కోసం విన్నది. వీధి ఈ చివరకు కోడి మీద తిట్టు కూడా వినపడే గొంతు కదా, ఒక్క కేక, ఒక్క మూలుగు, 'ఓసే' అన్న ఒక్క పిలుపు వచ్చినా చాలు, ప్రాణం ఉన్నట్టే. ఏమీ రాలేదు. ఊరంతా చెప్పినట్టు విని నోరు మూసుకుంది. ఎంత మూసుకుందంటే, ఎక్కడో దూడ గంట కదిలినా వినపడుతోంది. అత్త గొంతు మాత్రం లేదు.

పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. ఆవులప్ప.

"నేనప్పుడు ఆ మాట అనుండకూడదమ్మా," అన్నాడు.

"మాట్లాడొద్దప్పా. విననీ," అంది ఆమె.

ఆయన లేచి వెళ్ళలేదు. నాగరత్నమ్మ వేళ్ళతో గోడ సున్నం గీరుతూ కూర్చుంది. అత్త చచ్చిపోయింది అనుకుంది. నిన్ననే ఆ పండు తీసి పారేయాల్సింది, తిడితే తిట్టనీ, నా చేతులారా చంపుకున్నాను అనుకుంది. ఇంకా నోరు మూసుకొనే ఉంది. ఊళ్ళో మనుషులను ఎందరినో అదుపు చేసిన ఆడది, ఆ పొద్దున తనను తాను అదుపు చేసుకోవడం కంటే కష్టమైన పని ఎరగదు.

చివరకు వెనక చప్పుడైంది. చాలా మంది అడుగులు. ఎవరూ మాట్లాడటం లేదు. అడుగులు అలా నిశ్శబ్దంగా ఎప్పుడు వస్తాయో కె.జి.ఎఫ్.లో పెరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"తిరగొచ్చమ్మా," అన్నాడు ఆదినారాయణప్ప.

తిరిగింది. ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తున్న పిల్లమ్మ, జుట్టంతా రేగి, చీర నిండా పనస తొనల జిగురుతో, కోడలినే చూస్తోంది.

"పోయింది ముండది. పండంతా తినేసి పోయింది," అంది. "మంచం కింద దూరి వీపుతో ఎత్తితే, నేను మంచంతో కూడా పైకి లేచినాను. దాని ఊపిరి నా చెవిలో కొట్టింది."

నాగరత్నమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. తడిమి చూసింది. ఎక్కడా దెబ్బ లేదు. భయమంతా ఒక్కసారిగా కోపమై బయటికి వచ్చింది.

"ఒక్క అరుపు అరవగూడదా అత్తా? ఎప్పుడూ ఊరు లేచిపోయేట్టు అరుస్తావే! నేనీడ చచ్చిపోతిని, నీ గొంతు వినపడక. నువ్వు ఇంగ లేవనుకుంటిని!"

"అరవను మరి," అంది పిల్లమ్మ. మొదటిసారి ఆమె గొంతు, దగ్గర ఉన్నవాళ్ళకు మాత్రమే వినపడేంత మెల్లగా ఉంది. "నేను అరిచింటే నీకు వినపడేది కాదా? వినపడింటే ఈళ్ళు పట్టుకుంటే నువ్వు నిలుస్తావా? నీ సంగతి నాకు తెలీదా? అందుకే కొంగు నోట్లో కుక్కుకొని పడుకుంటిని."

నాగరత్నమ్మ మట్టిలో అలాగే కూలబడి, అత్త మోకాళ్ళ మీద తల పెట్టి, పెద్దగా ఏడ్చింది.